పట్టుకు ముద్ర ఉంది, పనికి లేదు

నగరాల్లో బట్టల గురించి ఇప్పుడు కొత్త మాట నడుస్తోంది. పాలిస్టర్ పెట్రోలియం నుంచి వస్తుంది, మట్టిలో కలవదు, ఉతికిన ప్రతిసారీ ప్లాస్టిక్ పోగుల్ని నీళ్లలోకి వదులుతుంది. కాబట్టి నూలు కట్టండి, పట్టు కట్టండి, పర్యావరణాన్ని కాపాడండి అంటున్నారు. ఇందులో అబద్ధం లేదు. యూనివర్సిటీ హాస్టళ్లలో మన పిల్లలు కూడా ఈ మాట మాట్లాడుతున్నారు, మంచిదే. కానీ పోగు ఎక్కడి నుంచి వచ్చిందో అడిగేవాళ్లు, ఆ పోగు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ఎందుకు అడగరు? శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టుచీర పుట్టే ఊళ్లు. ఆ ప్రశ్న అక్కడే అడగాలి.

హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ ఉంది. పక్కనే కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ ఉంది. చుట్టుపక్కల పెనుకొండ, మడకశిర వైపు మల్బరీ తోటలున్నాయి. ఉమ్మడి అనంతపురం దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. ఇక్కడ మల్బరీ అంటే బోరు. బోరు అంటే భూమి, పాసుపుస్తకం, కరెంటు కనెక్షన్. దళితుల చేతిలో ఉన్న భూమిలో ఎక్కువ భాగం రాళ్లగుట్టల పక్కన ఇచ్చిన అసైన్డ్ చెక్కలే. పట్టు పరిశ్రమ పథకాల్లో ఎస్సీ రైతులకు సబ్సిడీ శాతం ఎక్కువే. నీళ్లు లేని ఎకరానికి ఆ శాతం ఎంత పెంచితే ఏం లాభం? అందుకే ఆకు కోసేచోట, పురుగులకు మేత వేసేచోట, చంద్రికల మీద నుంచి గూళ్లు ఏరేచోట మనవాళ్లు కూలీలుగా కనిపిస్తారు. తోట యజమానులుగా అరుదు.

తర్వాతిది దారం తీత. గూళ్లను వేడినీళ్లలో ఉడికించి, పోగు కొసను వేళ్లతో వెతికి పట్టుకోవాలి. కిలో పట్టుదారానికి ఆరేడు కిలోల గూళ్లు కావాలి. రోజంతా నీళ్లలో నానిన వేళ్లకు చర్మం ఊడుతుంది. 2003లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ కర్ణాటక, తమిళనాడు, ఉత్తరప్రదేశ్ పట్టు పరిశ్రమల్లో వెట్టి బాలకార్మికుల మీద నివేదిక ఇచ్చింది. ఆ పిల్లల్లో ఎక్కువమంది దళితులు, ముస్లింలు అని అందులో ఉంది. తల్లిదండ్రులు తీసుకున్న చిన్న అడ్వాన్సుకు పిల్లల వేళ్లు తాకట్టు. వెట్టిని రద్దు చేసిన చట్టం వచ్చింది 1976లో. హిందూపురం దాటితే కర్ణాటకే. ఆ నివేదికను పక్క రాష్ట్రం సంగతి అని మేం పక్కన పెట్టలేం.

ఇక్కడ ఒక మాట. ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్య గారు పురుగును చంపకుండా పట్టు తీసే పద్ధతి మీద ఏళ్ల తరబడి శ్రమించారు. ఆ అహింసా పట్టుకు విదేశాల్లోనూ పేరొచ్చింది. ఆ కృషిని మేం తక్కువ చేయడం లేదు. పురుగు మీద జాలిపడి ఎక్కువ ధర పెట్టే కొనుగోలుదారు, గూళ్లు ఉడికించే ఆడమనిషి రోజుకూలి ఎంతో కూడా అడగాలనే అంటున్నాం.

ధర్మవరం పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది. పట్టు అసలుదని చెప్పడానికి 2004 నుంచి సిల్క్ మార్క్ ఉంది. చేత్తో నేసిందని చెప్పడానికి 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ ఉంది. ఈ ముద్రలన్నీ కొనేవాళ్లు మోసపోకుండా పెట్టినవి. నేసినవాళ్లు మోసపోకుండా పెట్టిన ముద్ర ఒక్కటీ లేదు. 1985 చట్టం కొన్ని రకాల బట్టల్ని చేనేతకే కేటాయించింది, చీర అందులో ఉంది. అయినా మరమగ్గాల చీర చేనేత పేరుతో అమ్ముడవుతోందని ధర్మవరం నేతన్నలు ఏళ్లుగా రోడ్డెక్కుతూనే ఉన్నారు.

2019 డిసెంబర్ 21న నేతన్న నేస్తం పథకం మొదలైంది కూడా ధర్మవరంలోనే. సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చేవారు. ‘సొంత మగ్గం’ అన్న రెండు మాటల దగ్గరే మా అభ్యంతరం. షావుకారు మగ్గం మీద కూలికి నేసేవాళ్లు, కండెలు చుట్టేవాళ్లు, ఆసు పోసేవాళ్లు, రంగు అద్దేవాళ్లు ఆ లెక్కలోకి రాలేదు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివాళ్లు 35 లక్షల పైచిలుకు. అందులో నేత కాకుండా అనుబంధ పనులు చేసేవాళ్లే దాదాపు 8.5 లక్షలు. మగ్గం లేనివాడికి కులవృత్తి పథకం అందదు, భూమి లేనివాడికి రైతు పథకం అందదు. రెండూ లేని కుటుంబాలు ఏ వాడలో ఎక్కువో చెప్పనక్కర్లేదు.

నిజానికి నేత మనకు కొత్తదేం కాదు. తెలుగు నేలమీద మాలలు ముతక నూలు బట్ట నేసి బతికారు. మిల్లుగుడ్డ వచ్చాక ఆ మగ్గాలు పడుకున్నాయి. చేనేత వారసత్వం గురించి రాసే ఖరీదైన పుస్తకాల్లో ఆ ముతక బట్టకు చోటు దొరకదు. మనుస్మృతి చండాలులకు శవాల మీది బట్టలే విధించింది. 1927 డిసెంబర్‌లో మహాద్‌లో బాబాసాహెబ్ దాన్ని తగలబెట్టించారు. అక్కడే దళిత మహిళలతో, మీ కులం తెలిసేలా చీర కట్టొద్దని చెప్పారు. మన అమ్మలకు ఆ మాట నిజమైంది పట్టుతో కాదు, చవక పాలిస్టర్ చీరతో. రంగు పోనిది, తొందరగా ఆరేది, ఊళ్లో ఎవరు కట్టినా ఒకేలా ఉండేది. పర్యావరణం పేరుతో ఆ చీరను వెక్కిరిస్తే మాకు కోపం వస్తుంది.

హిందూపురం చుట్టూ ఇప్పుడు గార్మెంట్ ఫ్యాక్టరీలు కూడా ఉన్నాయి. వాటిలో మిషన్ల ముందు కూర్చునేది ఎక్కువగా పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే ఆడపిల్లలు. కుట్టే బట్ట సేంద్రియ పత్తిదైనా, ఆమె గంటకు పూర్తిచేయాల్సిన టార్గెట్ తగ్గదు. రోజు పని గంటల్ని 9 నుంచి 10కి పెంచడానికి రాష్ట్ర మంత్రివర్గం 2025 జూన్‌లో ఆమోదం తెలిపింది. పల్లె నుంచి రానూపోనూ ప్రయాణం ఆ పదికి అదనం.

అందుకని విద్యార్థి మిత్రులకు ఒక పని చెబుతున్నాం. సహజ వస్త్రం అని బోర్డు పెట్టిన షాపులో మూడు సంగతులు అడగండి: దారం ఎక్కడ తీశారు, మగ్గం ఎవరిది, కూలి చీరకా రోజుకా. కార్యకర్తలు చేనేత జాబితాలు పట్టుకుని కూలి మగ్గాలున్న వీధులకు, దారం తీసే షెడ్లకు వెళ్లాలి. పేరు లేనివాళ్లను కులంతో సహా రాసుకోవాలి. పథకాల పేర్లు ప్రభుత్వంతో పాటు మారతాయి. వచ్చే జాబితాలోనైనా కండెలు చుట్టే మనిషి పేరు ఎక్కాలంటే, ఆ లెక్క ముందు మన దగ్గర ఉండాలి.