బడి గ్రంథాలయానికి ఒక మనిషిని ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,



ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారం చాలా బడుల్లో పుస్తకాలు బీరువాలోంచి బల్లల మీదికి వస్తాయి. పిల్లలు వాటి వెనక నిలబడతారు, ఫొటోలు పై అధికారులకు వెళ్తాయి. మిగతా ఏడాదంతా ఆ పుస్తకాలను పిల్లల చేతికి ఇచ్చేదెవరు? ఏ పీరియడ్‌లో? ఎవరి పూచీ మీద? మిమ్మల్ని అడగదలచుకున్నది ఇదే.

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలి. అందులో దినపత్రిక, మ్యాగజైన్లు, అన్ని సబ్జెక్టుల పుస్తకాలతో పాటు కథల పుస్తకాలూ ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే చిత్రకళకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులుండాలని కూడా అదే షెడ్యూలు చెబుతుంది. లైబ్రేరియన్ ఊసు మాత్రం ఎత్తదు. సమగ్ర శిక్ష కింద బడి స్థాయిని బట్టి ఏటా 5 వేల నుంచి 20 వేల రూపాయల దాకా గ్రంథాలయ గ్రాంటు ఇవ్వడానికి వీలుంది. గ్రంథాలయానికి చట్టం ఉంది, పుస్తకాలకు పద్దు ఉంది, చూసుకునే మనిషికి పోస్టు లేదు. కేంద్రీయ విద్యాలయాల్లో ఆ పోస్టు ఉంది. మన ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో చాలాచోట్ల ఆ పని ఎవరో ఒక టీచరు నెత్తిన పడుతుంది.

ఆ టీచరు వైపు నుంచి ఆలోచించండి. చెప్పాల్సిన పాఠాలు తగ్గవు. యాప్‌లలో నింపాల్సిన వివరాలు తగ్గవు. పైగా స్టాక్ రిజిస్టరులో ఉన్న ప్రతి పుస్తకానికీ ఆయనే జవాబుదారు. పుస్తకం పోతే సొంత డబ్బు కట్టాల్సి వస్తుందేమోనన్న భయం ఉన్నచోట తాళం వేయడమే క్షేమం అనిపిస్తుంది. దీన్ని బద్ధకం అనలేం. పుస్తకం చదివించినందుకు మెచ్చుకునేవాళ్లు లేక, పోగొట్టినందుకు అడిగేవాళ్లు మాత్రమే ఉంటే ఎవరైనా చేసేది అదే.

కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి (2017) ఈ విషయంలో ఉదారంగా ఉంది. ఏడాదిలో పాఠకులు వాడిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోతే సహజ నష్టంగానే లెక్కేయవచ్చంటుంది 215వ నిబంధన. మోసమో నిర్లక్ష్యమో ఉంటే తప్ప సాధారణంగా తప్పు పట్టదు. పుస్తకాలు తిరిగితే కొన్ని పోతాయని ఢిల్లీ ఒప్పుకుంది. పల్లెలో పనిచేసే టీచరుకు ఆ ధైర్యం ఎవరూ రాతపూర్వకంగా చెప్పడం లేదు.

పుస్తకాలు తిరగాలన్నది మనకు కొత్తగా నేర్పాల్సిన సంగతి కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల తొలి సభను అయ్యంకి వెంకటరమణయ్య గారు జరిపించారు. 1935లో పెదపాలెం కేంద్రంగా పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెక్కించి కాలువ వెంట ఊళ్లకు పంపారు. పాఠకుడు రాకపోతే మనమే వెళ్లాలన్నది వాళ్ల పద్ధతి. మద్రాసు విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్‌గా ఉన్న ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో మొదటిది పుస్తకాల వాడకం గురించే. పుస్తకాల కాపలాదారు పాఠకుణ్ని వెతుక్కుంటూ వెళ్లేవాడిగా మారిన కాలమది. బడుల్లో మాత్రం మనం మళ్లీ కాపలా దగ్గరికే వచ్చాం.

ఇప్పుడు బడి గ్రంథాలయాన్ని చూసుకునే మనిషి పని ఇంకా పెరిగింది. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం ట్యాబులు ఇచ్చింది. ఏది అడిగినా తెర మీద క్షణంలో జవాబు దొరుకుతుంది. అది నిజమో కాదో, ఎవరు రాశారో, ఎందుకు రాశారో చూసుకోవడం పిల్లలకు నేర్పేదెవరు? పాఠ్యపుస్తకం ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లిషులో ఉన్న బడుల్లో, ఏడో తరగతికొచ్చినా తెలుగు కూడబలుక్కుని చదివే పిల్లకు ఏ కథ ఇవ్వాలి? పిల్లను, పుస్తకాన్ని రెంటినీ ఎరిగినవాళ్లే దీనికి జవాబు చెప్పగలరు. 2020లో 'చదవడం మాకిష్టం' పేరుతో నడిపిన కార్యక్రమం మంచిదే. అయితే చదివించడం ఎవరి రోజువారీ ఉద్యోగమూ కానంతకాలం ఏ కార్యక్రమమైనా ముగింపు తేదీతోనే మొదలవుతుంది.

అందుకే మూడు విన్నపాలు.

ఒకటి, ప్రతి స్కూల్ కాంప్లెక్సుకు (దగ్గరి బడుల సముదాయానికి) శిక్షణ పొందిన ఒక లైబ్రేరియన్‌ను నియమించండి. వారానికి ఒక రోజు ఒక్కో బడికి వెళ్లినా బీరువాలు తెరుచుకుంటాయి.

రెండు, సహజ నష్టానికి పరిమితి పెట్టి, అంతవరకు ఏ టీచరు నుంచీ రికవరీ ఉండదని ఉత్తర్వు ఇవ్వండి.

మూడు, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల సెస్సుతో నడిచే జిల్లా గ్రంథాలయ సంస్థలను బడులతో కలపండి. శాఖా గ్రంథాలయంలోని పిల్లల పుస్తకాలు బడికి వంతులవారీగా రావాలి. వేసవి సెలవుల్లో పిల్లలకు అక్కడ సభ్యత్వం ఉండాలి.

మొదటిదానికి బడ్జెట్ కావాలి, మూడోదానికి రెండు వ్యవస్థల మధ్య ఒప్పందం కావాలి. వాటికి సమయం పడుతుందని తెలుసు. రెండోదానికి ఒక్క జీవో చాలు. బడులు తెరిచే జూన్ లోపు ఆ ఒక్కటైనా ఇవ్వండి.

ఇట్లు,
బడి గ్రంథాలయాల మేలు కోరే ఒక పాఠకురాలు