శంషాబాదు వానలెక్క

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది హైదరాబాదు నగరమును ముంచిన వృత్తాంతము నెరుగనివారు మన పాఠకులలో నుండరు. అఫ్జల్‌గంజు చింతచెట్టు నెక్కి ప్రాణములు దక్కించుకొన్నవారి కథను నగరవాసులు నేటికిని చెప్పుకొనుచునే యున్నారు. కాని ఆ వరదకును శంషాబాదునకును గల సంబంధమును తలచువారు తక్కువ. నాడు నదీపరీవాహమున వానను కొలుచు స్థలములలో శంషాబాదొకటి. అచ్చట 24 గంటలలో 12.8 అంగుళములును, 48 గంటలలో 18.9 అంగుళములును వాన కురిసినట్లు లెక్క తేలినది. అనగా రెండు దినములలో దాదాపు 48 సెంటీమీటర్లు. నిజాము ప్రభుత్వము పిలిపింపగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వరద కారణముల నరయుచు ఈ లెక్కను ప్రత్యేకముగా పేర్కొనిరి.

ఆ మహాశయుడు కనుగొన్న మరియొక సంగతి కలదు. నగరమునకు ఎగువను 788 చెరువులుండగా అందు 221 చెరువులు ఆ వానకు తెగినవి. మీది చెరువు తెగి క్రింది చెరువుపై బడుట, అది తెగి దానికి దిగువనున్నదానిపై బడుట, ఇట్లు గొలుసు గొలుసంతయు తెగివచ్చి రాజధాని వాకిట నిలిచినది. దీనికి ప్రతిక్రియగా 1920లో మూసీపై ఉస్మానుసాగరమును, 1927లో ఈసీపై హిమాయతుసాగరమును నిర్మాణమైనవి. ఈ రెండవది శంషాబాదు పొరుగుననే యున్నది. ఇవి ముందుగా వరద నాపుటకై తలపెట్టబడినవి. నగరమునకు త్రాగునీరిచ్చుట ఆ పిమ్మటి లాభము. ఈ క్రమమును పాఠకులు గుర్తుంచుకొనవలెనని ప్రార్థించుచున్నాము. దీనితో ముందు పనియున్నది.

ఆనాటి శంషాబాదు నేడెక్కడ? 2008 మార్చిలో దాదాపు 5,500 ఎకరముల నేలపై విమానాశ్రయము వెలసినది. అందొక రన్‌వే పొడవే 4,260 మీటర్లు. దాని వెంబడి వెలుపలి వలయరహదారి, గిడ్డంగులు, హోటళ్లు, కార్లు నిలుపు మైదానములు, భూములను గజముల లెక్కన కోసి యమ్ము వ్యాపారము వచ్చినవి. మేము విమానాశ్రయమునకు విరోధులము కాము. దానివలన వేలాది కుటుంబములు బ్రతుకుచున్నవి. కాని నేలకొక స్వభావము కలదు. దున్నిన పొలముపై బడిన వాన కొంత యింకును, కొంత గట్టున నిలుచును, కొంత మెల్లగా ఒర్రెలో జారును. కాంక్రీటుపై బడినది పడినట్లే పరుగిడును. ఆ పరుగునకు దారి చూపవలసినవారెవ్వరు?

ఈ ప్రశ్నకు 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి ప్రత్యుత్తరము వచ్చినది. ఆ దినము బేగంపేటలో 19 సెంటీమీటర్లకు పైగా వాన కురిసినది. గగన్‌పహాడు దగ్గరి అప్పచెరువు కట్ట తెగి, బెంగుళూరునకు బోవు 44వ జాతీయ రహదారిని కోసివైచి, బండ్లను కొట్టుకొనిపోయినది. గగన్‌పహాడులో ప్రాణములును పోయినవి. నగరమునుండి విమానాశ్రయమునకు బోవు పాతదారి అదియే. విమానము ఆకసమున నెగురగలదు గాని, దాని నెక్కవలసిన మానవుడు మాత్రము అప్పచెరువు దయతలచిననే గదా దానిని చేరగలడు! తరువాత నాలుగేండ్లకు, 2024 ఆగస్టున, ‘హైడ్రా’ యను క్రొత్తసంస్థ వచ్చి ఆ చెరువులోని కట్టడములను కూల్చినది. కూల్చుట తప్పని మేమనము. అవి లేచుచున్నప్పుడు అనుమతించినవారును, చూచి యూరకున్నవారును ఎవ్వరని మాత్రము అడుగుచున్నాము. చెరువును కాపాడుట దినదినమును చేయవలసిన పని. బుల్డోజరు ఏటికొకనాడు వచ్చు అతిథి.

ఇక వాతావరణము మారుచున్న సంగతి. దీనిని పండితుల గోష్ఠులకు విడిచిపెట్టుట మనకు వాడుకయైనది. కాని విషయము తేలికయే. గాలి ఒక డిగ్రీ వేడెక్కిన అది మోయగల తేమ ఏడు శాతము పెరుగును. మోసినదానిని ఎప్పుడో యొకప్పుడు కుమ్మరించును. కావున ఏడాది మొత్తపు వాన యెక్కువగా పెరుగకున్నను, ఒక్క పూటలో పడు వాన పెరుగును. మన మురుగుకాలువలన్నియు వెనుకటి తరముల వానలెక్కపై కట్టబడినవి. డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్ నగరముపై 2011 జూలై 2వ తేదీన రెండుగంటలలో 15 సెంటీమీటర్ల వాన కురిసినది. ఆ నగరసభవారు మరుసటి యేడే కుంభవృష్టికై ప్రత్యేక ప్రణాళిక నొకదానిని వ్రాసికొని, ఏ వీధి కాలువ కావలెనో, ఏ తోట చెరువు కావలెనో ముందుగనే నిర్ణయించుకొనిరి. మనకు వారిని చూచి నేర్వవలసినంత కొత్తయు లేదు. కుంట, చెరువు, మత్తడి, తూము, తూమును కనిపెట్టు నీరటి, ఇవన్నియు మన పల్లెలు ఏనాడో కనిపెట్టినవే. వారు క్రొత్తగా త్రవ్వుచున్నదానిని మనము పూడ్చుచున్నాము.

విమానాశ్రయములకును ఈ భయము తప్పినది కాదు. 2015 డిసెంబరున అడయారు పొంగి చెన్నపట్టణపు విమానాశ్రయము మూతపడినది. 2018 ఆగస్టులో పెరియారు నీరు జొచ్చి కొచ్చిన్ విమానాశ్రయము రెండువారములు పనిచేయలేదు.

ఇప్పుడు జీవోల ప్రస్తావన. 1996 మార్చి 8వ తేదీ 111వ జీవో జంటజలాశయముల చుట్టును పది కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో, పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించినది. శంషాబాదు మండలములోని అనేక గ్రామములు ఇందులోనివే. 2000 సంవత్సరమున సుప్రీముకోర్టు ఈ నిషేధమును బలపరచినది. 2022 ఏప్రిల్ 12న 69వ జీవో ఆ కట్టడిని సడలించినది. నగరమునకు కృష్ణా గోదావరీ జలములు వచ్చుచున్నవి గనుక ఈ జలాశయముల అవసరము తగ్గినదట! త్రాగునీటి లెక్కలో ఇది నిజము కావచ్చును. వరద లెక్క మాట యేమి? 2025 సెప్టెంబరు 26, 27 తేదీలలో ఈ జలాశయముల గేట్లెత్తగా మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్సుస్టేషనులో నీరు నిండినది. వీనిపని యింకను తీరలేదనుటకు వేరు సాక్ష్యమేల?

అయినను ఆ 84 గ్రామముల రైతుల మొరను కొట్టివేయుట న్యాయము కాదు. గట్టుకీవల ఎకరము కోట్లు పలుకుచుండగా, గట్టుకావల తనభూమి పలుకకపోవుటను పాతికేండ్లు చూచినవాడు పర్యావరణ ధర్మములు వినునా? నగరమును కాపాడుటకై వాని నేల బయలుగా నుండవలెనన్న, నగరము వానికి వెల చెల్లింపవలెను. ఏటేట ఎకరమునకింతయని యిచ్చుటయో, భూమి కట్టుబడి హక్కును వేరొకచోట వాడుకొననిచ్చుటయో, ఏదో యొక మార్గముండవలెను. ఈ మాట పలుకక, నిషేధము నుంచుదుమని ఒకరు, ఎత్తివేయుదుమని వేరొకరు పోరుట వ్యర్థము. ఇంతవరకు నగరము రైతునకు కృతజ్ఞత కూడ చెప్పలేదు.

మరి స్థానిక పరిపాలకులు చేయదగినదేమి? అన్నిటికిని డబ్బు కావలెననుట సాకు. శంషాబాదు చుట్టునున్న ప్రతి చెరువునకు, కుంటకు నిండుమట్టపు రాళ్లు పాతి, వాగుల, నాలాల దారులతో పటము గీయించి, దానిని కార్యాలయపు బీరువాలో గాక గ్రంథాలయములోను, రిజిస్ట్రారు కచ్చేరి గోడపైనను వ్రేలాడదీయవలెను. ఇల్లుకొనబోవు గుమాస్తా తాను కొనుచున్నది స్థలమో శిఖమో కన్నులారా చూచుకొనును. 2012 నాటి కట్టడముల నిబంధనలు పది హెక్టారులకు మించిన చెరువునకు 30 మీటర్లు, చిన్నవానికి 9 మీటర్లు ఎడముంచుమనుచున్నవి. నిబంధన యున్నది, కొలుచు గొలుసే లేదు. ప్రతి చెరువునకు నీరటివంటి జీతగాని నొక్కనిని నియమించి, మృగశిర రాకమునుపే మత్తడిని, తూమును చూచి వ్రాసిపెట్టించుట కెంత యగును? విమానాశ్రయపు యాజమాన్యమును, రహదారులవారిని, నీటిపారుదలవారిని సంవత్సరమున కొక్కసారియైన ఒక బల్లచుట్టు కూర్చుండబెట్టి, ఎవరి వాననీరు ఎవరి కాలువలో బడుచున్నదో తేల్చవలెను.

ఎండను గూర్చియు రెండుమాటలు. 2015 వేసవిలో తెలుగునాట వడదెబ్బకు మరణించినవారి సంఖ్య వేలకెక్కినది. 2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది. రేకులక్రింద వేగుచున్న గిడ్డంగి కూలికిని, విమానాశ్రయపు దారిలో కార్లలో కునుకుతీయు డ్రైవరులకును ఆ చల్లదనము అందవలెనన్న వార్డులోని అధికారియే కదలవలెను. సచివాలయము కదలిన చాలదు.

కాని వార్డు ఎక్కడ? శంషాబాదు 2018లో పురపాలక సంఘమైనది. 2020 జనవరిలో ఎన్నికైన సభకు 2025 జనవరితో గడువు తీరినది. ఆ యేటి డిసెంబరులోనే చుట్టుపట్ల మరి 26 పట్టణ సంస్థలతోపాటు అది మహానగర పాలకసంస్థలో కలిసినది. ఏడేండ్లు నిండీనిండకమునుపే ఊరిసభ మహానగరములో ఒక మూల యయ్యెను. పెద్దసంస్థకు పెద్ద ధనము, ఇంజనీర్లు ఉండుట నిజము. అప్పచెరువు కట్టపై నెర్రె విచ్చినదను వార్త ఆ పెద్దచెవికి ఎన్నిదినములకు చేరును? మూడులక్షలు మించిన జనసంఖ్య గల పట్టణములలో వార్డు సంఘములుండవలెనని రాజ్యాంగపు 243ఎస్ అధికరణము 1993 నుండి చెప్పుచునే యున్నది. శంషాబాదు వార్డులకు అట్టి సంఘమును, దానికి చెరువుల పద్దును, కొంత సొమ్మును ఇప్పింపుడని శాసనసభ్యులను, కార్పొరేటరు పదవి గోరి యింటికి వచ్చువారిని, పౌరులు ముందుగా అడుగవలెను. ఆ సంఘము మొదటి సమావేశమున చేయవలసిన పని యొకటి మేమే సూచించుచున్నాము: ఊరిలోని ప్రతి పాఠశాల యావరణలోను ఒక వానకొలపాత్ర నుంచి, పిల్లలచేత ప్రతిదినము లెక్క వ్రాయించి, వారమునకొకసారి మా కార్యాలయమునకు పంపింపుడు. అచ్చువేయుదుము.