ఎవర్ని కొట్టడానికమ్మా?

నేను కరాటే క్లాసులో చేరానని తెలియగానే ప్రశ్నలు మొదలయ్యాయి. "ఈ వయసులోనా?" అన్నారు మావారు, పేపరు దించకుండానే. "చీరలోనేనా?" అన్నారు అత్తగారు. పక్కింటి పిన్నిగారు బుగ్గలు నొక్కుకుంటూ, "ఎవర్ని కొట్టడానికమ్మా?" అన్నారు.

వయసంటారా, నాకు 46. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో స్పెయిన్ దేశపు సాండ్రా సాంచెజ్ కరాటేలో బంగారు పతకం గెలిచింది. అప్పటికామెకు 39 ఏళ్ళు. చీరంటారా, కేరళలోని వడకరలో మీనాక్షి అమ్మగారు చీర కట్టుకునే కలరిపయట్టు నేర్పుతారు. 70 దాటాక, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మూడో ప్రశ్నకి మాత్రం ఇన్నాళ్ళూ నవ్వేసి ఊరుకున్నాను. ఇవాళ చెబుతున్నాను. ఎవర్నీ కొట్టడానికి కాదు పిన్నిగారూ, పడిపోకుండా ఉండడానికి.

మా అమ్మ 68వ ఏట స్నానాలగదిలో కాలుజారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఇల్లంతా ఒంటిచేత్తో నడిపిన మనిషి మంచినీళ్ళకి కూడా ఒకరిని పిలవాల్సొచ్చింది. బహిష్టులు ఆగిపోయాక ఆడవాళ్ళ ఎముకలు త్వరగా పలచబడతాయనీ, వయసుతోపాటు కండ తగ్గుతుందనీ, కాళ్ళలో పట్టు సడలుతుందనీ అప్పుడు తెలుసుకున్నాను. మా మాస్టారు మొదటి నెలంతా నేర్పింది ఆ పట్టే. కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి నిలబడ్డం. ఒక కాలెత్తి రెండోదాని మీద తూలకుండా ఆగడం.

"ఇంటిపని చాలదూ?" అంటారు కొందరు. ఇంటిపనితోనే వచ్చే బలమైతే మా అమ్మంత బలవంతురాలు మా జిల్లాలోనే ఉండకూడదు! పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదిలేలా వ్యాయామం చెయ్యాలనీ, రెండు రోజులైనా కండలకి పని పెట్టాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అయినా కరాటే అంటే కొట్లాటేనని ఎవరన్నారు? 1922లో ఒకినావా నుంచి టోక్యో వెళ్ళి ఆ విద్యను ప్రదర్శించిన గిచిన్ ఫునాకోషి చిన్నప్పుడు బక్కపలచని పిల్లవాడు. సాధనతోనే ఆరోగ్యం పుంజుకున్నాడు, 88 ఏళ్ళు బతికాడు. ముందుగా చెయ్యెత్తకూడదన్నది ఆయన నేర్పిన నియమాల్లో ఒకటి. సాండ్రా పతకం గెలిచింది కూడా కటాలో. అంటే ఎదుట మనిషి లేకుండా వరసగా చేసే కదలికలు. ఆవిడా ఎవర్నీ కొట్టలేదు!

మగవాడు పొద్దున్నే పరుగెత్తితే "ఎవరు తరుముతున్నారు?" అని అడుగుతామా? ఆడది పిడికిలి బిగిస్తే మాత్రం శత్రువును చూపించాలి. మనం ఉపవాసముంటే ఆయన ఆయుష్షు కోసం, నడిస్తే డాక్టరు చెప్పాడని, కరాటే నేర్చుకుంటే రౌడీల భయంతో. నా ఒళ్ళు గట్టిగా ఉండాలని నాకుంది అంటే చాలదు. రోజుకో గంట మనకోసం మనం తీసుకోవాలంటే ఎవడో ఒక దుర్మార్గుడి సిఫార్సు కావాలి కాబోలు!

మరి ఆడపిల్లలకి ఆత్మరక్షణ అక్కర్లేదా అంటారు. ఎందుకక్కర్లేదూ? తప్పకుండా నేర్చుకోనివ్వండి. కానీ పిల్లకి రెండు గుద్దులు నేర్పించేసి, వీధిలో దీపం వెలిగించాల్సినవాళ్ళూ, కొడుకులకి బుద్ధి చెప్పాల్సినవాళ్ళూ చేతులు దులిపేసుకుంటే ఒప్పుకోను. రేపేదైనా జరిగితే "కరాటే వచ్చుగా, తిరగబడలేదేం?" అని ఆ పిల్లనే నిలదీస్తారు. భయపెట్టి నేర్పిన విద్య భయాన్నే పెంచుతుంది. సరదాగా నేర్చుకున్నది అరవైలోనూ కాళ్ళకి తోడుంటుంది.

మోకాళ్ళ నొప్పులూ, గుండె జబ్బూ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగి చేరండి. మిగతావాళ్ళు ఎవర్నీ అడక్కండి.

నిన్న సాయంత్రం పిన్నిగారు మెల్లగా వచ్చి, "ఆ ఒంటికాలి మీద నిలబడేదేదో ఒకసారి చూపించమ్మా" అన్నారు. గోడ పట్టుకుని నిలబెట్టాను. పది అంకెలు లెక్కపెట్టాం. ఏడు దగ్గర గోడ వదిలేశారు.