మన గొర్రెకు ఉన్ని ఏది?


"గొర్రె ఉన్ని ఇస్తుంది" అని మీ పాప బట్టీ పడుతోందా? ఒక ఆదివారం ఒంగోలు వైపు, పత్తి తీసేసిన చేలల్లో మేసే మందను దగ్గరగా చూపించండి. నెల్లూరు జాతి గొర్రెలవి. ఒంటి నిండా పొట్టి వెంట్రుకలే, కత్తిరించి వడకడానికి ఏమీ ఉండదు. మాంసానికే పెంచుతారు. తెలంగాణలో గొంగళ్లు నేసే ఉన్ని దక్కని గొర్రెది.

వెంట్రుక, బొచ్చు, ఉన్ని... మూడూ కెరటిన్ అనే ప్రొటీనే. తేడా అంతా మందంలో, ఒత్తుదనంలో, ముడతల్లో. పత్తి మాత్రం వేరు, గింజ మీద పెరిగే సెల్యులోజ్ నూగు. అందుకే వెంట్రుక కాలితే కమురు వాసన, పత్తి కాలితే కాగితం వాసన.

"మన గొర్రెకు ఉన్ని లేదుగా" అని పాప అంటే, మార్కు పోతుందని దయచేసి నోరు మూయించకండి. చూసిందే నోట్‌బుక్‌లో రాయించి పంపండి. మార్కు సంగతి టీచర్లం మేం చూసుకుంటాం.