బీరువా మీద కీబోర్డు

జగిత్యాల, కోరుట్ల వైపు గల్ఫ్ వెళ్లొచ్చిన వాళ్ల ఇంట్లో బీరువా మీదకి ఓసారి చూడండి. పెద్ద సూట్‌కేసు పక్కన, పాత దుప్పటి కప్పిన పొడవాటి అట్టపెట్టె కనిపించిందంటే అది నాన్న దుబాయ్ నుంచి మోసుకొచ్చిన కీబోర్డే కావచ్చు. మొదటి వారం ఇల్లంతా మోత. డెమో బటన్ నొక్కితే అదే వాయించేసుకుంటుంది కాబట్టి చుట్టాలకీ ముచ్చటే. రెండో నెలకల్లా బీరువా ఎక్కుతుంది.

"ఆ డబ్బా మళ్ల ఎప్పుడు వాయిస్తవు బిడ్డా?"

"సెమిస్టర్ అయినంక అమ్మా."

ఇలా ఎన్ని సెమిస్టర్లు గడిచిపోతాయో!

తప్పంతా పిల్లలది కాదు. నల్లకోటు హీరో పార్టీలో పియానో ముందు కూర్చుని మనసులో బాధంతా పాడేయడం మన పాత సినిమాల్లో చూశాం. ఆ పాటల్లో వేళ్ల వంక మాత్రం చూడకండి, నవ్వొస్తుంది. వాయించడం అంత సులువనుకుని మొదలుపెడితే నెలకే విసుగొస్తుంది మరి.

అసలు పియానోకి 88 మెట్లు. ఇళ్లలో ఉండే కీబోర్డుకి ఎక్కువగా 61. తేడా లెక్కలోనే కాదు. పియానోలో మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి లేచి తీగను కొడుతుంది. వేలి బలాన్ని బట్టే శబ్దం. తేలికపాటి కీబోర్డు మీద అలవాటైన వేళ్లకు ఆ మెట్లు బరువనిపిస్తాయి. లండన్ ట్రినిటీ కాలేజీ పరీక్షల్లో పియానో వేరు, ఎలక్ట్రానిక్ కీబోర్డు వేరు. 'పియానో నేర్పబడును' అన్న బోర్డు చూసి ఫీజు కట్టేముందు ఏది నేర్పుతారో, ఏ పరీక్షకు పంపుతారో అడగండి. మొహమాటం అక్కర్లేదు.

ఆ పరీక్షలు ఇనీషియల్‌తో మొదలై ఎనిమిదో గ్రేడు దాకా ఉంటాయి. వందకి 60 వస్తే పాస్, 75కి మెరిట్, 87కి డిస్టింక్షన్. పరీక్షకుడి ఎదుట వాయించేటప్పుడు మూడు పాటలకు 66 మార్కులు. మిగతా 34 స్వరక్రమాలకూ, స్వరలిపి చూసి అప్పటికప్పుడు వాయించడం, విని చెప్పడం లాంటి వాటికీ. యూట్యూబ్‌లో మెరిసే మెట్లు చూసి నేర్చుకున్న కాలేజీ కుర్రాళ్లు తడబడేది ఈ 34 దగ్గరే. పాట వస్తుంది, చదవడం రాదు.

ఇంత వయసొచ్చాక వేళ్లు తిరుగుతాయా అని కొందరి అనుమానం. ఈ ఊళ్లలో అమ్మలు టీవీ చూస్తూ, చేతుల వంక చూడకుండానే బీడీలు చుట్టేస్తారు. ఆ వేళ్లేమన్నా పుట్టుకతో వచ్చాయా?

సిరిసిల్లలో ఓ డిగ్రీ విద్యార్థి కలిశాడు. వారానికోసారి బస్సెక్కి కరీంనగర్ వెళ్లి కీబోర్డు నేర్చుకుంటున్నాడు. ఇంటి పక్కనే మరమగ్గాల షెడ్డు. సాంచాల చప్పుడులో ఏమీ వినపడదు కాబట్టి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రిపూట అరగంట సాధన. ఆదివారం మూడు గంటలు కూర్చుని మిగతా ఆరు రోజులు ముట్టకపోవడం కంటే ఇదే నయం. "మొదట్ల తప్పు పోయిన ప్రతిసారీ పాట మళ్లీ మొదటికెళ్లి వాయించేటోణ్ని సార్. మొదటి నాలుగు లైన్లు బాగొచ్చినయి, చివరి పేజీ పచ్చిగనే ఉండె" అన్నాడు. వాళ్ల నాన్న సాంచ నడుపుతాడు. పోగు తెగితే సాంచ ఆపి, అతుకేసి, అక్కణ్నుంచే నడిపిస్తాడు. మొదటినుంచీ నేయడు కదా! అది చూశాక కుర్రాడు తప్పు పోయిన చోటునే పట్టుకున్నాడు. మెట్రోనోమ్ 60 మీద పెట్టి, ఒక్కో చేత్తో విడివిడిగా, కుదిరాక రెండు చేతులతో.

గురువులు ఆశించేదీ పెద్దదేం కాదు. గోళ్లు కత్తిరించుకుని రావాలి. పెన్సిలు తెచ్చుకోవాలి, ఏ మెట్టుకు ఏ వేలో రాసుకోవడానికి (బొటనవేలు 1, చిటికెనవేలు 5, రెండు చేతులకూ అంతే). రాలేకపోతే ముందే ఫోన్ చేయాలి. సాధన చేయకపోతే చేయలేదని చెప్పేయాలి. మొదటి నిమిషంలోనే సార్‌కు తెలిసిపోతుంది లెండి.

ఇక అమ్మానాన్నలు. చుట్టాలొచ్చినప్పుడల్లా "ఓ సినిమా పాట వాయించు" అనకండి. మొదటి ఆరు నెలలూ చెవికి ఇంపుగా ఏమీ వినపడకపోవచ్చు. ఉద్యోగం వస్తుందా అంటే, చర్చిలో, పెళ్లి ఆర్కెస్ట్రాలో, బడిలో సంగీతం టీచరుగా అవకాశాలుంటాయి. వాటిని నమ్ముకుని డిగ్రీ వదిలేయమని మాత్రం నేను చెప్పను. పరీక్షల నెలలో పావుగంటకు తగ్గించుకోవచ్చు. పూర్తిగా ఆపితే కీబోర్డు మళ్లీ బీరువా ఎక్కుతుంది.

వీడియో తీసి పంపే పద్ధతిని ట్రినిటీ 2020లో తెచ్చింది. మధ్యలో కత్తిరింపులు కుదరవు, ఏకబిగిన వాయించాలి. సిరిసిల్ల కుర్రాడు అలాగే రాద్దామనుకుంటున్నాడు. చిక్కల్లా చప్పుడుతోనే. "సాంచాలు నడిస్తే రికార్డింగ్ కాదు సార్, ఆగితే మాకు తిండి ఉండదు" అని నవ్వాడు. కోరుట్లలో మేనమామ ఇంట్లో ఓ గది మాట్లాడుకున్నాడట, ఒక్క పూటకి.