సెల్‌ఫోన్ మూగబోయిన రోజున మనకు దిక్కేది?



దివిసీమలో ఏ పెద్దవారిని అడిగినా 1977 నవంబరు 19వ తేదీని మరచిపోలేదు. ఆ రోజు ఉప్పెన అయిదారు మీటర్ల ఎత్తున లేచి ఊళ్ళ మీద పడింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయారు. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. సొర్లగొంది పేరు ఇప్పటికీ ఆ ఉప్పెనతోనే కలిసి వినబడుతుంది. టెలిఫోను తీగలు తెగాయి, దారులు తెగాయి, లోపల ఏం జరిగిందో బయటవారికి తెలియడానికే చాలా ఆలస్యమయ్యింది. నీళ్ళు తీసిన తరువాత కూడా సాయం అందక పోయినవారు ఉన్నారని మన పెద్దలు చెబుతారు.

“ఆ రోజులు వేరమ్మా, ఇప్పుడు అందరి చేతిలోనూ సెల్‌ఫోన్ ఉంది కదా” అని చాలామంది అంటారు. ఈ ధైర్యమే నన్ను భయపెడుతున్నది. ఈ ప్రాంతంలోని ప్రతి చిన్న ఆసుపత్రి దగ్గరా సెల్‌ఫోన్ కాకుండా మరొక మాటసాధనం, అంటే వాకీటాకీ సెట్లు ఉండాలని నా అభిప్రాయం. అవి ఏవి పడితే అవి కాకుండా, ఒకరి సెట్టుతో మరొకరి సెట్టు మాట్లాడుకోగలిగే ప్రమాణం ప్రకారం తయారైనవై ఉండాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని కొట్టినప్పుడు అంత పెద్ద నగరంలోనే ఫోన్లు మూగబోయాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు కరెంటు లేక, చార్జింగ్ లేక ఎంతోమంది ఫోన్లు చేతిలోనే చచ్చిపోయాయి. అదే వరదలో ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వచ్చి మన లంక గ్రామాలను చుట్టుముట్టింది. టవరు నిలబడి ఉన్నంత మాత్రాన సరిపోదు. దాని బ్యాటరీ కొన్ని గంటలే పనిచేస్తుంది. ఆ తరువాత డీజిల్ కావాలి. రోడ్డు మునిగితే డీజిల్ తెచ్చేదెవరు? పైగా ఆపద రోజున అందరూ ఒక్కసారే ఫోను చేస్తారు. ఎవరి కాలూ కలవదు.

ఇప్పుడు తుఫాను హెచ్చరికలు ఫోనులోనే వస్తున్నాయి. మచిలీపట్నంలో వాతావరణ శాఖ రాడారు ఉంది. ఇవన్నీ మేలే. కానీ హెచ్చరిక ఒకవైపు నుండే వస్తుంది. ఎదురుమొండి వంటి ఏటి అవతలి ఊరిలో రాత్రిపూట ఒక తల్లికి కాన్పు కష్టమైతే, ఆ మాట ఇవతలికి చేరాలి. పడవ వస్తోందో లేదో, రక్తం సిద్ధం చేయాలో వద్దో, ఇవతలి మాట అవతలికి చేరాలి. ఫోనులోనే వాకీటాకీలాగా మాట్లాడుకునే యాప్‌లు వచ్చాయని పిల్లలు చెబుతారు. అవి కూడా అదే టవరు మీద ఆధారపడినవే.

వాకీటాకీకి ఆ ఇబ్బంది లేదు. రెండు సెట్లు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మీట నొక్కి ఒక్కసారి చెబితే క్యాజువాలిటీ, లేబర్ రూమ్, జనరేటరు గది, అంబులెన్సు డ్రైవరు అందరూ వింటారు. మన డెల్టా చదునైన నేల కనుక ఎత్తైన చోట రిపీటరు పెట్టుకుంటే ఇంకా చాలా దూరం వినబడుతుంది.

ఇక ప్రమాణాల సంగతి. పాత సెట్లు అనలాగ్ పద్ధతివి. వాటి స్థానంలో డిజిటల్ సెట్లు వస్తున్నాయి. వీటిలో పేరున్నవి నాలుగైదు రకాలు. టెట్రా అనేది 1995లో యూరప్ ప్రమాణాల సంస్థ ప్రకటించినది. పోలీసు శాఖలు, మెట్రో రైళ్ళ వంటి పెద్ద వ్యవస్థలకు పనికివస్తుంది. ఢిల్లీ మెట్రో వాడేది ఇదే. ప్రాజెక్ట్ 25 అనేది అమెరికా పోలీసు, అగ్నిమాపక శాఖల కోసం పుట్టింది. డీఎంఆర్ అనేది 2005లో అదే యూరప్ సంస్థ నుండి వచ్చింది. డీపీఎంఆర్ అనే మరొకటి కూడా ఉంది.

వీటి తేడా మన రైతుకు సులభంగా అర్థమవుతుంది. ఒక కాలువ నీటిని ఇద్దరికి పంచాలంటే రెండు దారులు. మధ్యలో గట్టు వేసి కాలువను సన్నగా చీల్చవచ్చు. లేదా కాలువను అలాగే ఉంచి వంతులవారీగా నీరు వదలవచ్చు. డీపీఎంఆర్ మొదటి దారిలో పోతుంది. దాని ఛానల్ వెడల్పు 6.25 కిలోహెర్ట్జ్, అందులో ఒక్క సంభాషణ. డీఎంఆర్ 12.5 కిలోహెర్ట్జ్ ఛానల్‌లో ఇద్దరికి వంతులు వేస్తుంది. ఒక్కొక్క వంతు సెకనులో వెయ్యింట 30 వంతులు మాత్రమే కనుక మన చెవికి మాట తెగినట్టు అనిపించదు. టెట్రా 25 కిలోహెర్ట్జ్‌లో నలుగురికి వంతులు వేస్తుంది. లెక్క వేసి చూడండి, మూడింటిలోనూ మనిషికి వచ్చే వాటా ఒక్కటే. కాబట్టి ఏది గొప్ప అనే వాదన మనకు అనవసరం. ఏది మన పనికి, మన డబ్బుకు సరిపోతుంది, ఏది పక్కవారి సెట్టుతో మాట్లాడుతుంది అన్నదే ప్రశ్న.

మన వంటి చిన్న ఆసుపత్రికి డీఎంఆర్ సరిపోతుందని నేను అనుకుంటున్నాను. చాలామంది తయారీదారులు దీనిని చేస్తున్నారు కనుక ఒక్క కంపెనీకే కట్టుబడి ఉండనక్కరలేదు. చాలా సెట్లు అనలాగ్ పద్ధతిలో కూడా పనిచేస్తాయి కనుక పాత సెట్లున్నవారితోనూ మాట్లాడవచ్చు. అయితే ఒక జాగ్రత్త. డబ్బా మీద డీఎంఆర్ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. ప్రమాణం పైన ప్రతి కంపెనీ తన సొంత హంగులు కొన్ని కలుపుతుంది. కొనేముందు రెండు కంపెనీల సెట్లు మీ ఎదుటే ఒకదానితో ఒకటి మాట్లాడించి చూపమని అడగండి.

డిజిటల్ అంటే అన్నిటికీ మందు అని కూడా అనుకోవద్దు. అనలాగ్ సెట్టు దూరం పోయేకొద్దీ గరగర పెరుగుతుంది, అయినా మాట ముక్కలు ముక్కలుగా అందుతుంది. డిజిటల్ సెట్టు చివరిదాకా స్పష్టంగా వినబడి, ఒక్కసారిగా తెగిపోతుంది. చుట్టూ హోరుగా శబ్దం ఉంటే మాట గజిబిజి అవుతుందని అమెరికాలో అగ్నిమాపక సిబ్బంది మొరపెట్టుకున్నారు. 2001 మార్చిలో న్యూయార్కు అగ్నిమాపక శాఖ కొత్త డిజిటల్ సెట్లను సిబ్బందికి ఇచ్చింది. ఒక ఉద్యోగి ఆపదలో చేసిన పిలుపు బయటివారికి వినబడకపోవడంతో కొద్ది రోజులకే వాటిని వెనక్కి తీసుకుంది. ఆ సెప్టెంబరు 11న వారు పాత సెట్లతోనే ఆ భవనాలు ఎక్కారు. పోలీసు హెలికాప్టరు నుండి వచ్చిన హెచ్చరిక పోలీసుల రేడియోలో పోయింది. అగ్నిమాపక సిబ్బంది రేడియో వేరు. ఆ రోజు ఆ శాఖవారు 343 మంది చనిపోయారు. సాధన చేయకుండా సెట్లు పంచిపెట్టినా ప్రమాదమే, పక్క శాఖతో మాట కలవకపోయినా ప్రమాదమే.

నర్సుగా మరొక ముఖ్యమైన మాట చెప్పాలి. సెల్‌ఫోన్ కంటే వాకీటాకీ వైద్య యంత్రాలను ఎక్కువగా తికమక పెడుతుంది. 1997లో బ్రిటన్ ప్రభుత్వ సంస్థ చేసిన పరీక్షల్లో, ఒక మీటరు దూరంలో సెల్‌ఫోన్ వల్ల 4 శాతం యంత్రాలు ప్రభావితమైతే, అత్యవసర సేవల వాకీటాకీల వల్ల 41 శాతం ప్రభావితమయ్యాయి. ఇప్పటి యంత్రాలు మెరుగైనా, వెంటిలేటర్, ఇన్ఫ్యూజన్ పంపు, మానిటర్ పక్కన నిలబడి మీట నొక్కకూడదు. ఐసీయూ తలుపు బయటికి వచ్చి మాట్లాడాలి. సెక్యూరిటీ సిబ్బందికి, వార్డు బాయ్‌లకు ఈ నియమం మొదటి రోజే నేర్పాలి.

రోగి గోప్యత కూడా మన బాధ్యత. అనలాగ్ సంభాషణను ఎవరైనా వినవచ్చు. డిజిటల్ సెట్లలో రహస్య సంకేతం పెట్టుకునే వీలుంది గానీ అదీ పూర్తి భరోసా కాదు. టెట్రాలో వాడే ఒక రకం రహస్య సంకేతంలో లోపం ఉందని 2023లో పరిశోధకులు బయటపెట్టారు. అందుచేత రోగి పేరు, జబ్బు పేరు రేడియోలో పలకవద్దు. “మేల్ వార్డు, 6వ బెడ్” అంటే చాలు.

చట్టం సంగతి మరువకూడదు. మన దేశంలో ఇటువంటి సెట్లకు కేంద్ర టెలికాం శాఖ నుండి లైసెన్సు, ఫ్రీక్వెన్సీ కేటాయింపు కావాలి. 446.0 నుండి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తితో పనిచేసే, ఆమోదం పొందిన సెట్లకు మాత్రం 2018 నుండి లైసెన్సు అక్కరలేదు. అవి ఆసుపత్రి ఆవరణ వరకు పనికివస్తాయి. ఇంటర్‌నెట్‌లో చవకగా దొరికే ప్రతి సెట్టూ అటువంటిది కాదు. ఈ అమ్మకాల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2025లో మార్గదర్శకాలు జారీ చేయవలసి వచ్చింది. దాతలు సెట్లు కొని ఇస్తామన్నా, ముందు ఆమోదపత్రం అడగండి.

“మందులకే డబ్బు చాలకపోతే రేడియోలెందుకు?” అని కమిటీలో అడిగేవారుంటారు. సరైన ప్రశ్నే. డబ్బు తక్కువైతే ఆవరణ లోపలికి లైసెన్సు అక్కరలేని సెట్లు నాలుగు కొని మొదలుపెట్టవచ్చు. జనరేటరుకు ఖర్చు పెట్టేటప్పుడు రోజూ కరెంటు పోతుందా అని మనం అడగము. పోయిన రోజున ఆపరేషన్ టేబుల్ మీద రోగి ఉంటాడని ఖర్చు పెడతాము. ఇదీ అటువంటిదే.

నేను కోరేవి నాలుగు:

1. ప్రతి ఆసుపత్రి తుఫాను ప్రణాళికలో ఫోను లేని రోజున ఎవరు ఎవరితో ఎలా మాట్లాడాలో రాసి, డ్యూటీ రూములో అంటించాలి.

2. వారానికి ఒకసారి, ప్రతి షిఫ్టులోనూ, పది నిమిషాలు సెట్లతో సాధన చేయాలి. మందు మోతాదు విన్నవారు దానిని తిరిగి చెప్పాలి. “సరే” అంటే చాలదు.

3. ప్రతి సెట్టుకు ఒక అదనపు బ్యాటరీ ఉండాలి. జనరేటరు లైనులోనే చార్జరు ఉండాలి. చార్జింగ్ బాధ్యత ఒకరి పేరున రాసి పెట్టాలి.

4. మచిలీపట్నం, గుడివాడ, చల్లపల్లి, అవనిగడ్డ ప్రాంతాల ప్రభుత్వ, ప్రైవేటు, మిషన్ ఆసుపత్రులకూ, అంబులెన్సులకూ ఆపద సమయంలో వాడుకునేందుకు ఒక ఉమ్మడి ఛానల్ ఏర్పాటు చేయమని మనమందరం కలిసి జిల్లా కలెక్టరుగారిని కోరాలి.

నాలుగవది ఏ ఒక్క ఆసుపత్రీ ఒంటరిగా సాధించలేదు. ఎవరికి వారు తమకు నచ్చిన సెట్లు కొనేసుకున్న తరువాత కలపడం ఇంకా కష్టం. హైదరాబాదులో 1983 నుండి పనిచేస్తున్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థవారి వంటి అనుభవజ్ఞుల సలహా కూడా అడగవచ్చు. 2004 సునామీలో అండమాన్ దీవులకు ఫోన్లు తెగిపోయినప్పుడు, ఆ సంస్థ తరఫున అక్కడికి వెళ్ళి ఉన్న భారతీ ప్రసాద్ గారు రేడియో ద్వారానే ఎన్నో కుటుంబాలకు తమవారి క్షేమ సమాచారం అందించారు.

మనకు పెద్ద తుఫానుల కాలం అక్టోబరు నుండి డిసెంబరు వరకు. ఉమ్మడి ఛానల్ విషయమై కలెక్టరుగారికి ఇచ్చే వినతిపత్రంలో తమ ఆసుపత్రి పేరు చేర్చదలచినవారు మా నర్సింగ్ ఆఫీసుకు తెలియజేయండి. సంతకాలు పూర్తి కాగానే మనమందరం కలిసి వెళ్దాము.