ఫొటో కింద పేరు

ఫొటోగ్రఫీ పుట్టిన కొత్తలో కెమెరా ముందు కూర్చున్నది ఎవరు? దొరలు, డబ్బున్నవాళ్ళు అనుకుంటాం. చాలావరకు నిజమే. కానీ స్కాట్లాండులో ఎడింబరో పక్కన న్యూహేవెన్ అనే మత్స్యకారుల పల్లె ఉండేది. 1843-47 మధ్య డేవిడ్ ఆక్టేవియస్ హిల్ అనే చిత్రకారుడు, రాబర్ట్ ఆడమ్సన్ అనే యువకుడు కలిసి అక్కడి మనుషులను వందకు పైగా ఫొటోలు తీశారు. వాటిలో చూపు తిప్పుకోనివ్వనివి చేపలమ్మే ఆడవాళ్ళవి.

మగవాళ్ళు పడవల మీద పోతే గాలాలకు ఎర గుచ్చడం, చేపల బుట్ట వీపున వేసుకుని, దాని పట్టీ నుదుటికి తగిలించుకుని ఎడింబరో వీధులదాకా నడిచి, బేరమాడి అమ్ముకురావడం ఆడవాళ్ళ పని. మన భీమిలి, ఉప్పాడ తీరాల్లో చేపల తట్ట నెత్తికెత్తుకునే తల్లులకు ఇదేమీ కొత్త కాదు. ఆ రోజుల్లో ఫొటో దిగాలంటే ఎండలో చాలాసేపు కదలకుండా ఉండాలి. పొద్దస్తమానం నడిచే మనిషిని కదలొద్దనడం!

1931లో జర్మన్ రచయిత వాల్టర్ బెంజమిన్ వీటిలో ఒక ఫొటో గురించి రాశాడు. కళ్ళు దించుకుని ఉన్న చేపలామె ఫొటో అది. తీసినవాడి నేర్పును మెచ్చుకుని ఊరుకోలేం, ఆమె పేరేమిటని అడగక తప్పదు అన్నది ఆయన మాటల సారం. ఆమె ఎలిజబెత్ జాన్‌స్టన్ హాల్. మరో ఫొటోలో ఉన్నవాళ్ళు జీనీ విల్సన్, ఆనీ లింటన్. నూట ఎనభై ఏళ్ళ కిందటి చేపలమ్మే ఆడవాళ్ళ పేర్లు మనం ఇవాళ చదవగలుగుతున్నాం.

మరి మన దగ్గర? 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. ఫొటోలూ ఉన్నాయి. చాలావాటి కింద కనిపించేది కులం పేరే. మనిషి పోయి కులం మిగిలింది.

ఆయన దొర, సరే. మన వార్షికోత్సవ సంచికలు తిరగేయండి. ముఖ్య అతిథి ఫొటో కింద పేరు, హోదా, డిగ్రీలు. తెల్లారగట్ల లేచి మనకు అన్నం వండిన అమ్మల ఫొటో కింద 'వంట సిబ్బంది'. చోటు చాలలేదంటారు. రెండు పేర్లకు ఎంత చోటు కావాలి?

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీ దగ్గరున్న గ్రూప్ ఫొటోల్లో వంటమ్మ, కామాటి, వాచ్‌మన్ ఎవరో గుర్తుంటే పేరూ సంవత్సరమూ వెనకవైపు రాసి సంచిక కమిటీకి పంపండి. పాత హాజరుపట్టీలు దొరికితే వాటితో సరిచూసుకోవచ్చు.